నలభయ్యో రోజు కాగితం

విదిన్‌లో, దాన్యూబ్ ఒడ్డున,
పోయినవాళ్లు గోడలమీద ఉంటారు.
రొట్టెల కొట్టు తలుపుకి, బస్టాపు అద్దానికి,
లిండెన్ చెట్టు మొదలుకి
ఫొటో, పేరు, వయసు, నాలుగు వాక్యాలు.
పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి,
ఆర్నెల్లకి, ఏడాదికి మళ్లీ.
వానొస్తే ఒకరి మొహం కారి
ఇంకొకరి పేరులోకి దిగుతుంది.

ఇరవయ్యారేళ్లుగా ఆ నాలుగు వాక్యాలూ నావే.
ప్రింటింగ్ షాపులో మూడో టేబులు.
"ఎలాంటి మనిషి?" అని అడుగుతాను.
"మంచివాడు" అంటారు. అందరూ మంచివాళ్లే.
కాసేపు ఊరుకుంటే అసలుది బయటికొస్తుంది.
పడవల మెకానిక్ కూతురు డబ్బు కట్టేసి
గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది:
"పడుకున్నా జేబులో స్పానర్ ఉండాల్సిందే ఆయనకి.
అది రాయకండి."
రాయలేదు.
నాకు మాత్రం ఆయనంటే ఆ స్పానరే.

ఫిబ్రవరిలో మా నెవెనా పోయింది.
టేబులుకి ఇటు నేనే, అటూ నేనే.
"ఎలాంటి మనిషి?"
"మంచిది" అని కొట్టి, సిగ్గేసి చెరిపాను.
"లెక్కల టీచర్" అన్నాను. ఆ ఉద్యోగమంటే తనకి పడదు.
"ప్రియమైన భార్య" అని చేర్చమని ఫోన్ చేశాడు
విడిపోయి పదకొండేళ్లయినవాడు.
"సోదరి" దగ్గర చెయ్యి ఆగింది.
చదువుకుంటే ఆ మాటలో
తనకంటే నేనే ఎక్కువున్నాను.

కాకో, అని పిలిచేది. మా భాషలో అక్కా అని.
ఊళ్లో నాకు చాలా పేర్లు:
రుమ్యానా, మేడమ్, చావు కాగితాలావిడ.
అక్కని చేసింది మాత్రం తనొక్కతే,
నా ఐదో ఏట పుట్టి, నన్నడక్కుండా.
తీసేసుకునేటప్పుడూ అడగలేదు.
కాగితంమీద తనవే ఆ రెండు తేదీలు.
నాలో అక్కకీ
అవే.

మొదటి కాగితం అందరిలాగే వేశాను.
నలభయ్యో రోజున ఇలా:
"కాల్చిన మిరపకాయల తొక్క తీస్తూ ఏడ్చేది.
పొగ, అనేది. పొయ్యి చల్లారిపోయాక కూడా."
"ఇదేం ప్రకటన?" అన్నాడు యజమాని.
నా డబ్బుతో ముప్ఫై కాపీలు తీసి అంటించాను.

నాలుగో రోజు బస్టాపులో
ఆ వాక్యాల కింద ఎవరో పెన్సిలుతో రాశారు:
"నాకు భిన్నాలు నేర్పింది మిరపకాయ కోసే.
సగం, పావు, అరపావు.
గింజలు లెక్కపెట్టించి నవ్వేది."

బస్సు వచ్చింది, పోయింది.
లెక్కలు చెబుతూ నవ్వే నెవెనా
నాకెప్పుడూ తగల్లేదు.

ఆర్నెల్ల కాగితానికి
అడుగున నాలుగు వేళ్లంత జాగా వదిలాను,
పక్కన
దారం కట్టిన పెన్సిలు.