నో క్యారియర్

మైపాడు ఒడ్డు, రొయ్యపిల్లల హేచరీ.
రాత్రి పన్నెండూ ఇరవైకి
తెర మీద గీత ఆగిపోయింది.
ఎనిమిదో తొట్టిలో ఊపిరి ఎంత మిగిలిందో
ఆ గీతే చెప్పాలి.
ఎనిమిదో తొట్టిలో
కంటికి సరిగా ఆనని ప్రాణాలు, ఇరవై లక్షలు.

నల్ల తెర తెరిచాను.
ఈ లైనక్సు యంత్రం అబద్ధమాడదు.
అడిగినదానికే జవాబు, ఒక్క ముక్క ఎక్కువుండదు,
తాసిల్దారాఫీసు గుమాస్తాలా.
ఐపీ లింక్ అని కొట్టాను.
నో క్యారియర్, అంది.

"ఏమంటా ఉండాదబ్బయా?"
గుమ్మంలో పెంచలయ్య,
చేతిలో టార్చి, మోకాళ్ళదాకా ఉప్పు.
"క్యారియర్ లేదంట."
"పాపం, దానికీ అన్నం రాలేదా"
అని నవ్వి
గాలిమోటారు చూడ్డానికి పోయాడు.

నేను నవ్వలేదు.
డ్రైవరు దించి మళ్ళీ ఎక్కించా.
కెర్నెలు చిట్టా వెనక్కి తిప్పా:
లింకు లేచింది, లింకు పడింది,
లేచింది, పడింది,
పదకొండు రోజులుగా,
తాగొచ్చినవాడు గడప దాటబోయినట్టు.
మొదట వేగం వెయ్యి. తర్వాత నూరు.
మొన్నటి నుంచి పది.
తగ్గుకుంటూ తగ్గుకుంటూ
నాకు చెబుతూనే ఉంది.
నేనే చూడలేదు,
గీత నడుస్తోంది కదా అని.

నిన్న వచ్చిన అప్‌డేటుని తిట్టా.
తొట్టి పక్క పెట్టెని తిట్టా,
అది అమ్మిన ట్రంకురోడ్డు షాపువాణ్ణి తిట్టా.
కార్డు మార్చా.
యంత్రాన్ని తన్ను తానే పిలుచుకోమన్నా.
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
వెంటనే పలికింది.
తనలో తాను మాట్లాడుకునేవాడికి
తీగతో పనేముంది!

ఈలోగా బయట్నుంచి కేక:
"అబ్బయా, ఎనిమిదీ, నాలుగున్నర!"
చేతిమీటరు ముంచి, అరగంటకోసారి,
పంపుల హోరు మీదుగా.
"ఆఁ, నాలుగున్నర!" అని నేనూ అరవాలి.
పలక్కపోతే మళ్ళీ అరుస్తాడు.
రెండు సెకన్ల ఆలస్యం,
దారిలో ఒక్క మాటా పోలేదు.
మేత సంచి చీటీ వెనక రాసుకున్నా.
నాలుగున్నర. నాలుగూ మూడు.
నాలుగూ ఒకటి అన్నప్పుడు
నన్నడక్కుండానే రెండో మోటారు వేశాడు.

ఇక మిగిలింది తీగే.
అరవై మీటర్లు, ఉప్పుగాలిలో, గోడవెంట.
అవతలి కొస దగ్గర గొంతుక్కూచుని లాగితే
ప్లగ్గు నాలుక విరిగి చేతిలోకొచ్చింది.
ఎనిమిది పళ్ళు.
మూడింటికి పచ్చగా చిలుము.
పైతొడుగు అంగుళం వెనక్కి పోయి
రంగుల తీగలు బయటపడి ఉన్నాయి.
ఇంత ఆదరాబాదరాగా ఒలిచేవాడు
నాకు తెలిసి ఒకడే.
పోయినేడు శ్రావణంలో, ఆఖరి బస్సు పోతుందని,
రబ్బరు టోపీ కూడా తొడక్కుండా
బిగించి పరిగెత్తినవాడు.
నేను.

కత్తిరించా.
రాగి ఎర్రగా కనబడేదాకా, జానెడు.
నారింజ తెలుపు, నారింజ,
ఆకుపచ్చ తెలుపు, నీలం,
నీలం తెలుపు, ఆకుపచ్చ,
గోధుమ తెలుపు, గోధుమ.
టార్చి పట్టుకున్న పెంచలయ్య
నాతోబాటు పెదాలు కదిపాడు.
"ఆకుపచ్చ రెండూ పక్కపక్కన గదా ఉండాల?"
"చూపుకి ఎడంగా ఉంటాయి. లోపల మెలిపడిన జంట అదే.
జంట మారిస్తే పక్కవాళ్ళ గోల వినబడుద్ది."
"ఊఁ" అన్నాడు,
ఎవరినో తలచుకున్నట్టు.

ఈసారి టోపీ తొడిగా.
పెట్టె మీద మిణుగురంత దీపం
ఒకసారి కొట్టుకుని, నిలబడింది.
వెయ్యి, అంది యంత్రం.
గీత కదిలింది, నాలుగూ నాలుగు దగ్గర్నుంచి.
అయినా రెండున్నరకి కేక ఆగలేదు,
"ఎనిమిదీ, నాలుగూ ఆరు!"
తెర మీదా అదే ఉంది.
అయినా అరిచా, "ఆఁ, నాలుగూ ఆరు!"

గీత మధ్యలో మాత్రం గండి,
దాదాపు రెండు గంటల వెడల్పు.
చీటీలోని అంకెలు ఒక్కొక్కటే
చేత్తో ఎక్కించా.
ఎవరు చెప్పారు, అనే గడిలో
ఎప్పుడూ సెన్సారు ఎనిమిది అని ఉంటుంది.
పెంచలయ్య, అని కొట్టా.

యంత్రం ఒప్పుకుంది.