అద్దానికి కొంచెం

ఏప్రిల్ చలికి
నల్లరాతి గోడ చుట్టిన మంట దగ్గర
పదకొండు మంది ఆడవాళ్లం కూర్చుంటాం,
సముద్రంలోకి దిగేముందు, ఎక్కొచ్చాక.
ఆ గోడకి పైకప్పు లేదు.
మా నోళ్లకీ లేదు.

మంటకి దగ్గరి చోటు
ఎక్కువ ఊపిరి ఉన్నవాళ్లది.
ఏడేళ్లుగా నా చోటు పొగ మళ్లే వైపు.
ఆ రోజు పూ చునోక్ అవ్వ కొంచెం జరిగి
పక్క రాయిని అరచేత్తో రెండుసార్లు తట్టింది.
అంతే.
ఐదో నెలలో పోయిందట అని
ఎవరూ అనలేదు.
దీవి చిన్నది. ఆసుపత్రికి వెళ్లే పడవ ఒక్కటే.

డాక్టరు ఐరన్ మాత్రలిచ్చాడు,
తిన్న తర్వాత వేసుకోమన్నాడు.
ఏం తిన్న తర్వాత?

అవ్వ సంచిలోంచి మాచిపత్రి తీసింది.
మా దీవిలో సుక్ అంటాం.
పైన పచ్చ, వెనక బూడిదరంగు నూగు,
ముసలి కుక్క చెవిలా మెత్తగా.
"మా అత్త సమాధి గోడ పక్కన కోశాను.
బతికుండగా పిడికెడు బియ్యం పెట్టలేదు మహాతల్లి,
ఇప్పుడు ఏటా గంపెడు ఆకు ఇస్తోంది."
అందరూ నవ్వారు.
నా మొహం కూడా ఎటో కదిలింది.

సగం ఆకు నలిపి నా కళ్లద్దం లోపల రుద్దింది,
నీళ్లలో ఆవిరి పట్టకుండా.
అదే చేత్తో మిగిలిన సగం కెటిల్లో పడేసింది,
పొత్తికడుపులో చలి నిలవకుండా.

చేదు.
గొంతు దాకా వెళ్లి వెనక్కి చూసే చేదు.
"పనిచేస్తుందా అవ్వా?"
"నాకేం తెలుసు.
ముగ్గురు మిగిలారు, ఇద్దరు మిగల్లేదు.
ఐదుసార్లూ ఇదే తాగాను.
తాగు, వేడిగానైనా ఉంది కదా."

తొమ్మిది మీటర్ల కింద అద్దం తేటగా ఉంది.
రాతి చూరు కింద ముడుచుకున్న ఆక్టోపస్,
దాని కన్ను కూడా కనబడేంత తేట.
ఆ పక్కనే నాచు,
బాలింతలకి చారు కాచే గోధుమరంగు నాచు,
నా భుజాలకంటే వెడల్పుగా ఊగుతోంది.
కొడవలి చేతిలోనే ఉంది.
ఎన్నిళ్లకి కోసిచ్చానో ఈ చేత్తో.
కొయ్యలేదు.

అప్పుడు మసకబారింది.
మాచిపత్రి ఆవిరిని ఆపుతుంది గాని
లోపలినుంచి నిండే నీళ్లనేం చేస్తుంది?
సముద్రం అడుగున కళ్లు తుడుచుకునే వీల్లేదు.
పైకి రావాల్సిందే.

పైకొచ్చి వదిలే మా ఊపిరికి ఈల ఉంటుంది,
ఒక్కొక్కరిదీ ఒక్కో ఈల.
నాది ఆ పూట చీలిన వెదురులోంచి వచ్చింది.
దూరంగా, నారింజరంగు బుర్ర పట్టుకుని తేలుతున్న
డెబ్బై ఆరేళ్ల అవ్వ
అటు తిరిగింది.
పిలవలేదు. ఈదుకుంటూ రాలేదు.
నా ఈల అయ్యేదాకా ఆగి
తనది వేసింది, పొడుగ్గా.
మళ్లీ ఆగింది.
నేను వేశాను.
తను వేసింది.
మిగతా తొమ్మిది మందీ
ఎందుకో ఆ కాసేపూ నీళ్ల కిందే ఉన్నారు.

రాత్రి మా ఆయన కివాన్
నా జుట్టు వాసన చూసి, "ఏంటిది?" అన్నాడు.
"అద్దం తుడుచుకున్నా" అన్నాను.
కెటిల్ సంగతి చెప్పలేదు.
అతను కూడా
పడవలో తిరిగొచ్చిన రోజు
రేవు వెనక ఎంతసేపు కూర్చున్నాడో
నాకు చెప్పలేదు.

గోళ్ల కింద పచ్చ రెండు రోజులు పోలేదు.
మూడోనాడు వెల్లుల్లి మళ్లు దాటి
అవ్వ అత్తగారి సమాధి దగ్గర వంగాను.
ఎవరో ఏమిటో తెలియని ఆ పిసినారికి
ఒక దండం పెట్టి
తెంపుకున్నాను.
గంపెడు కాదు.
రెండు పిడికిళ్లు.