పాసెం

పొద్దున ఆరింటికే గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
నూట పదకొండు బండ్లు.
తోతాపురి వాసన పులుపు దాటి
సారాయి వైపు తిరుగుతోంది.
నేను కాటా గదిలో కూర్చుని చీటీలు రాస్తాను:
బండి బరువు, కాయ బరువు, తరుగు.
తరుగు రాసేటప్పుడు ఎవరి ముఖమూ చూడను.
ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మర్యాద అదొక్కటే.

ఒక టెంపో వెనక్కి వెనక్కి కాటా మీదికి వస్తుంది.
వస్తూ పాడుతుంది.
ఎర్రలైటు కింద ఇరికించిన చిన్న డబ్బా,
ముక్కు దిబ్బడ పట్టిన గొంతు,
దోనా... నోబిస్... పాచెం...
మాటలు లేవు దానికి, రాగం మాత్రమే.
మాటలు నా దగ్గరున్నాయి.

మా నాయన సవరిముత్తు
వారమంతా కరెంటు స్తంభాల మీద,
ఆదివారం చర్చిలో మూడో గొంతు.
లాటిన్ రాదు. బిల్లు కాగితం వెనక
తెలుగక్షరాల్లో రాసుకున్నాడు, గ్రీసు వేలిముద్రలతో సహా.
మొదట ఆడవాళ్ళు ఎత్తుకుంటారు,
వాళ్ళు కొంత దూరం పోయాక కుర్రోళ్ళు,
వాళ్ళూ కొంత దూరం పోయాక నాయన.
ఎవరూ ఎవరికోసమూ ఆగరు,
అయినా ఎవరూ ఎవర్నీ తొక్కరు.

నాకప్పుడు ఐదేళ్ళు.
పాచెం అంటే పాసెం అనుకున్నాను.
ఇంతమంది ఇంతసేపు బతిమాలుతుంటే
ఆ దేవుడు ఒక్క గరిటె పొయ్యలేడా అని
అరుళత్త ఒళ్ళో పడి ఏడ్చాను.
ఆ మధ్యాహ్నం అత్త నిజంగానే కాచింది,
బెల్లం తక్కువై, సగ్గుబియ్యం అడుగంటి.
"వాళ్ళు శాంతి అడగతా ఉండారు మే" అంది,
"అది వచ్చేదాకా ఇది తాగు."

డబ్బాలు అమ్మేది సంతపేట దస్తగిరి.
ఏం పాటన్నా ఇది, అని ఒకసారి అడిగాను.
"ఏమోమ్మా, పెట్టెలో ఇరవై వచ్చినాయి.
పిల్లోడి ఏడుపువి రెండు, కుక్క అరుపువి మూడు,
తక్కినవన్నీ ఇదే.
దీన్ని ఎవరూ తిట్టలా. అందుకని మళ్ళీ తెప్పించినా."

ఇవాళ పదింటికి బోర్డు మార్చారు.
నిన్నటి మీద కిలోకి రూపాయిన్నర తక్కువ.
సుద్ద తుడిచిన చోట పాత అంకె
ఇంకా కనిపిస్తూనే ఉంది.
చెంగల్రాయుడు బండి దిగి
ఒక కాయ తీసి గేటుకేసి కొట్టాడు.
ఇంకో కాయ. ఇంకోటి.
వాచ్‌మన్ కర్ర ఎత్తాడు.
"అందరూ వెనక్కి పోండి" అంది మైకు.
మూడు రాత్రులు టైర్ల పక్కన పడుకున్నవాళ్ళకి
ఆ వెనక్కి అనే మాట ఎట్లా ఉంటుందో
మైకుకేం తెలుసు.

చివరిది కదిలితేగానీ ముందుది కదలదు.
చిట్టచివర యాదమరి టెంపో గేరు మార్చింది.
పాట మొదలైంది.
అది సగంలో ఉండగా బంగారుపాళెం బండి,
అదే డబ్బా, అదే పాట, మొదట్నుంచి.
నా చెయ్యి చీటీ మీద ఆగిపోయింది.
రెండు గొంతులు ఒకదాని వెనక ఒకటి
బురద గుంతల్లో ఎగిరిపడుతూ,
ఒకదాన్నొకటి తొక్కకుండా.

ఎవరూ వినలేదు.
చెంగల్రాయుడు తిడుతూనే ఉన్నాడు,
కర్ర దిగలేదు, బోర్డు మీది అంకె మారలేదు.
"ఆ పీకులాట ఆపండ్రా" అని ఎవడో అరిచాడు కూడా.

మూడో బండికి డబ్బా లేదు.
క్లీనరు పిల్లోడు వెనక నిలబడి
రానీ, రానీ, రానీ అంటూ
రేకు మీద అరచేత్తో కొడుతున్నాడు.
ఆ దెబ్బల్లో ఎన్నో దెబ్బకి
నాయన ఎత్తుకునేవాడో నాకు తెలుసు.

కిటికీ అద్దం మూసే ఉంది.
చెంగల్రాయుడి పేరున్న చీటీలో
తరుగు గడి ఇంకా ఖాళీ.
పెన్ను పక్కన పెట్టి
ఎత్తుకున్నాను,
కొంచెం ఆలస్యంగా.