పదికి ఆరు

కావలిలో, ఉదయగిరి బ్రిడ్జి పక్కన,
ఇన్వర్టర్ల షాపు పైన మిద్దె మీద
జిలానీ గేమ్ పార్లర్.
గంటకు నలభై. చెప్పులు బయట.
రెండు టీవీలు, రెండు ఫుట్‌బాల్ ఆటలు,
మధ్యలో ఒకటే ఫ్యాను. అది ఓడేవాడి వైపు తిరగదు.

ఎడం టీవీలో ఆటకి అన్నీ అసలు పేర్లే.
చొక్కా మీద బ్యాంకు గుర్తు కూడా అసలుదే.
గడ్డిని పోచ పోచా దువ్వినట్టుంటుంది.
కుడి టీవీలో దానికి పేర్లు కొనే స్తోమత లేదు.
పక్కూళ్ళో ఓటెయ్యడానికి వచ్చినట్టు
ఆటగాళ్ళంతా దొంగ పేర్లతో దిగుతారు.
కానీ ఆ బంతికి బరువుంది.
వానపడితే బురదలో ఆగిపోతుంది.
కాలికి తగిలాక ఎటు పోవాలా అని
ఒక్క క్షణం ఆలోచించుకుంటుంది.

ఒంగోలు నుంచి వచ్చే చిన్న మాసపత్రిక
రెండిటినీ పోల్చి ఒక పేజీ రాయమంది.
మార్కులు పదికి. నాకు మూడొందలు.
ఎడం ఆటకి ఆరు వేశా.
కుడి ఆటకి తొమ్మిది.
'ఆత్మ' అన్న మాట నాలుగుసార్లు వాడా.

"చదువు, వింటా" అన్నాడు జిలానీ,
చిప్స్ ప్యాకెట్ల దండ మేకుకు తగిలిస్తా.
విని,
"ఎడందాని జాయ్‌స్టిక్కు సంక్రాంతి ముందర్నించీ
కుడికి లాగతా ఉండాది గదా అబ్బయా,
అది రాయలేదే?"
రాయలేదు.
"ఆడ నా మీద ఎన్నిసార్లు గెలిచినావు?"
ఒక్కసారి కూడా లేదు.
"నేను అయిదు సున్నా కొట్టిన రోజే రాసినావా ఏంది?"
ఆ రోజు రాత్రే.

ఇంకొకటి అతనికి చెప్పలా.
ఎడం ఆటని నెల్లూరు డీలరు ఊరికే పంపాడు, టోపీతో సహా.
కుడిది నేను నా డబ్బుతో కొన్నా,
రెండు నెలలు పొద్దుటి దోసె మానేసి.
ఊరికే వచ్చినదాన్ని తిడితే
నిజాయితీపరుడంటారనుకున్నా.
నేను అమ్ముడుపోలేదని చూపించుకోడానికి
ఆ ఆటని అమ్మేశా.

తెల్లారగట్ల తుమ్మలపెంటలో
నాయన రొయ్యల గుంట పట్టుబడి.
కొనేవాళ్ళ తరపు కుర్రోడొచ్చి
ఏరియేటర్ల వైపన్నా పోకుండా
నాసిరకం చేరే మూలన వల విసిరాడు.
కిలో తూచాడు. లెక్కబెట్టాడు.
"నలభై అయిదు కౌంటు."
"అవతల ముప్పై ఉంటాయి సామీ,
ఇంకొక్క వల..." అంటున్నాడు నాయన.
కుర్రోడు అప్పటికే పుస్తకంలో రాసేశాడు.
నాలుగు నెలల మేత, కరెంటు బిల్లు,
వాన రాత్రుల్లో జనరేటరు దగ్గర కాపలా,
అన్నీ ఆ అంకె కింద పడుకున్నాయి.
నాకు కోపం రావాలి. వచ్చింది కూడా.
కానీ కుర్రోడు పెన్ను మూత
పంటితో తీసిన తీరు
ఎక్కడో చూసినట్టుండి
మొహం పక్కకు తిప్పుకున్నా.

ఆ వారమంతా మిద్దె మీదే.
రిమోట్లు మార్చాం. టీవీలు మార్చాం.
వాన పెట్టి, వాన తీసి, పదహారు మ్యాచులు.
కుడి ఆటలో కార్నర్ కొడితే చాలు,
గోలీ స్తంభం పక్కన నిద్రపోతాడు, ప్రతిసారీ.
ఇన్నాళ్ళూ అది చూసి కూడా చూడనట్టున్నా.
ఎడం ఆటలో డెబ్బయ్యో నిమిషానికి
ముసలి డిఫెండరు ఒకడు
మోకాళ్ళ మీద చేతులాన్చి ఒగురుస్తాడు.
బంతి అక్కడ ఉండదు. ఎవరూ చూడరు.
అయినా ఆ ఒగుర్పుని ఎవరో
రాత్రంతా మేలుకుని చేసుంటారు.

ఇప్పటికీ నాకు కుడిదే ఇష్టం.
ఆ మాట మొదటి వాక్యంలోనే పెట్టా.
జాయ్‌స్టిక్కు, టోపీ, దోసెలు, అయిదు సున్నా,
అన్నీ రాసి, మార్కుల గడి ఖాళీగా పంపా.
ఎడిటరు ఫోను చేశాడు.
"అంకె లేకపోతే పేజీ లేదబ్బాయ్,
పాతదే అచ్చుకి పోతావుంది."
"ఇంకొక్క రోజు ఆగండి సార్..."
ఆ గొంతు నాది కాదు, నాయనది.
అవతల అప్పటికే పెట్టేశారు.

జిలానీ ఎడం రిమోటు విప్పి
జాయ్‌స్టిక్కు కింద ఊదుతున్నాడు.
చిటికెడు ఇసక రాలింది.
"గుంట కాడ్నించి చేతులు కడుక్కోకుండా
వచ్చేది నువ్వొక్కడివేరా ఈడికి" అన్నాడు.