పిండి మీద అడుగులు

బెల్మీరో వచ్చిన రోజు
మొదట అడిగింది ఎలుకల గురించి కాదు,
జిగురు గురించి.
"ఏం కలుపుతారు ఇందులో?"
గోధుమపిండి, నీళ్ళు, చిటికెడు పటిక.
వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.
"ఇంకేం, మీరు నడిపేది బైండింగు షాపు కాదు,
పూటకూళ్ళ ఇల్లు."

పోర్తోలో మా వీధి నిలబెట్టిన నిచ్చెన.
పైన చర్చి, కింద నది,
నడుమ ఎక్కడో మా దుకాణం.
వానలకు నది ఒళ్ళు విరుచుకుంటే
గోదాముల్లోని ఎలుకలన్నీ మెట్లెక్కి
మా దాకా వస్తాయి,
చెప్పాపెట్టకుండా దిగే చుట్టాల్లా.
ఆ ఏడు అవి
ఒక వంటల పుస్తకం వీపు తిన్నాయి,
లాయరు గారి చట్టాల్లో మూడో సంపుటం తిన్నాయి,
రెండోది ముట్టలేదు, ఎందుకో.
చివరికి
బాగుచేయమని చర్చివాళ్ళిచ్చిన
నూటయాభై ఏళ్ళనాటి నామకరణాల రిజిస్టరులో
ఒక పేజీ.

దోనా యులాలియా ఆ పూట సూపు ముట్టలేదు.
"విషం పెట్టు," అంది.
బెల్మీరో తల అడ్డంగా ఊపాడు.
"విషం తిన్న ఎలుక గోడలోకి పోయి చస్తుంది.
ఆపైన మూడు వారాలు
మీరు ఆ గోడతో కాపురం చేయాలి."

నేల మీద పిండి జల్లాడు,
పెళ్ళి కేకు మీద చక్కెర జల్లినంత పలచగా.
తెల్లారేసరికి అంతా చదువుకోవచ్చు:
బుల్లి బుల్లి పాదాలు, నడుమ తోక ఈడ్చిన గీత,
ఎవరో కొత్తగా రాత నేర్చుకుంటున్నట్టు.
"ఎలుకను వెతక్కు పిల్లా, గోడను చూడు.
గది నడిమధ్య నడిచే ధైర్యం దానికి లేదు.
మీసం గోడకు తగులుతుంటేనే
దానికి లోకం ఉన్నట్టు."

గోడ వెంట ఆరు బోనులు.
స్ప్రింగు ఎక్కించకుండా మూడు రాత్రులు
ఊరికే బాదంపప్పు పెట్టాడు.
"ముందు నమ్మకం తిననీ."
ఆ మాట నాకు నచ్చలేదు.
నాలుగో రాత్రి ఎక్కించాడు.
పై గదిలో పడుకున్న నాకు
ఠప్పుమని నాలుగుసార్లు వినబడింది.
ఐదోదాని కోసం తెల్లవార్లూ చెవులు రిక్కించాను.

పెన్సిలు దూరే ప్రతి కంతలో
ఇనుప పీచు కూరుకుంటూ పోతుంటే
పుస్తకాలు నొక్కే మర వెనక దొరికింది గూడు.
చిటికెన వేలి కణుపంత ఎర్రటి పిల్లలు, ఐదు,
కళ్ళింకా తెరవనివి.
వాటి కింద పరుపు, మా పేజీ.

బెల్మీరో పిల్లల్ని టోపీలో వేసుకుని
పెరట్లోకి పోయాడు.
ఏం చేశాడో మేం అడగలేదు.
కుళాయి మాత్రం చాలాసేపు పారింది.

పదకొండు రోజులు
పట్టకారు, కుంచె, దీపం,
తుమ్మొస్తే వీధిలోకి పరుగు.
కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళు చాలామందే ఉంటారు,
మేం ఎలుకను తవ్వి
ఒక పసిబిడ్డను పట్టాం:

డిసెంబరు, రాత్రి పదకొండు దాటాక, చర్చి గుమ్మంలో
ఆడశిశువు. ఉన్ని పేలికలో చుట్టి ఉంది.
మెడలో సగానికి విరిచిన నాణెం.
తల్లిదండ్రులు తెలియరు.
పెట్టిన పేరు

పేరుకు మొదట ఫె ఉంది, చివర నా ఉంది.
నడుమ ఏమీ లేదు.
ఫెలిస్మీనా కావచ్చు అంది దోనా యులాలియా.
ఫెర్మీనా కావచ్చు అన్నాను నేను.
బిల్లు రాసుకుంటున్న బెల్మీరో తలెత్తకుండానే అన్నాడు:
"అది నాలుగో బోనులో పడినదాని కడుపులో ఉంది.
ముందే చెప్పుంటే దాచేవాణ్ణి."
ఎవరం నవ్వలేదు. కాసేపాగి
అతనే పెన్ను కింద పెట్టేశాడు.

ఆ కంతకు తెల్ల కాగితం అతికాం, ఏమీ రాయకుండా.
జిగురు నేనే కలిపాను:
గోధుమపిండి, నీళ్ళు, పటిక,
అతను చెప్పినట్టు ఈసారి
రెండు చుక్కల లవంగనూనె.

రిజిస్టరు వెళ్ళిపోయింది. బోనులు అటక మీదున్నాయి.
అయినా శనివారం రాత్రుళ్ళు పిండి జల్లుతాను.
పొద్దున చూస్తే నా చెప్పుల గుర్తులే,
గుమ్మం దాకా పోయి
అక్కడ కాసేపు నిలబడి
వెనక్కి వచ్చినవి.