ఇరవై ఏడు కిలోల ఇసుక

ఇంజను ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.
ఫిషింగ్ హార్బరు వెనక ర్యాంపు మీద
పడవ పక్కకి ఒరిగి పడుకుంది,
దుప్పటి లాగేసిన పిల్లాడిలా.
నేను టేపు పట్టుకుని
మూడు రోజులుగా అమరం చుట్టూ తిరుగుతున్నాను.

ముప్పై నాలుగేళ్లు షిప్‌యార్డులో
ఓడల కడుపుల్లోకి ఇంజన్లు దించినవాణ్ణి.
అక్కడ చోటు ఎవరూ వెతుక్కోరు.
డ్రాయింగులో గీత ఉంటుంది, క్రేను దించుతుంది,
మనం బోల్టు బిగిస్తాం.
ఈ పదిహేనడుగుల తెరచాప పడవకి
డ్రాయింగు లేదు.

నడిమధ్యన పెడదామంటే అక్కడ చుక్కాని ఉంది.
ముందునుంచీ ఉన్నది, దాన్ని జరగమనలేను.
ఎడమ పక్కన పెడితే,
పడవ కుడికి వాలినప్పుడల్లా
పంకా నీళ్లలోంచి లేచి
గాలిని చిలుకుతుంది.
కుడి పక్కనైతే అదే తంటా, అటుది ఇటు.
అడుగున కోసి లోపలే దించొచ్చన్నాడు
మేనల్లుడు జోగినాయుడు.
పడవకి కన్నం పెట్టమనే సలహా
ఎంత ధీమాగా చెప్పాడో!

ఇంజను తూకం ఇరవై ఏడు కిలోలు.
సిమెంటు సంచిలో అంతే ఇసుక తూచి కట్టి,
పడవని నీళ్లలోకి తోసి,
ఒక్కో చోటా వేలాడదీశాను.
నడుమ వేస్తే అనియం లేచి
డాల్ఫిన్స్ నోస్ కొండని ముక్కుతో చూపింది.
ఎడమన వేస్తే ఎడమకి కుంగింది.
కుడిన వేస్తే కుడికి.
నోటుబుక్కులో అంగుళాలు రాసుకున్నాను.
అంగుళాలు ఏమీ చెప్పలేదు.

గట్టున చేపలు ఎండబెడుతున్న కాసులమ్మ
చూసి చూసి అంది:
"ఇసకబస్తా కూకోదు కదేటి బాబూ,
నువ్వు కూకుంటావు.
ముందు నువ్వెక్కు.
అదెక్కడుండాలో సెయ్యే సెప్తాది."

ఎక్కి, వెనక్కి తిరిగి కూర్చుని
లేని ఇంజనుకి లేని తాడు లాగాను.
కుడి భుజం సగంలోనే ఆగింది.
ఎనభై తొమ్మిదిలో పరంజా మీంచి పడ్డ భుజం,
వాన రాకముందే వానని చెప్పే భుజం,
కొలతల్లో నేను రాయని భుజం.
ఎడమ చేయి లాగింది. మళ్లీ లాగింది.
వెనక్కి తిరిగినవాడి ఎడమంటే
పడవకి కుడి.

నా బరువు కాస్త ఇటు జరుపుకుంటే
పడవ సమంగా నిలిచింది.
కాసులమ్మ అప్పటికే చేపలు తిరగేస్తోంది.

టేకు పలక, నాలుగు స్టీలు బోల్టులు, కుడివైపు.
పడవ ఎడమకి వాలితే పంకా లేస్తుంది, నిజమే.
వాల్చేంత గాలి ఉన్నప్పుడు
ఇంజనుకేం పని?
గాలి చచ్చిన సాయంత్రం
హార్బరు నోట్లోకి పెద్ద ఓడ హారను కొడుతూ వస్తుంటే
పడవ ఎటూ వాలదు.
అప్పుడు కావాలి అది.

నిన్న మొదటి లాగుకి స్టార్టవలేదు.
రెండోదానికీ లేదు.
మూడోది లాగేముందు
ఆనుకోడానికి ఎడమ అంచు మీద చేయి వేశాను,
మొదటిరోజే తొందరపడి నేను పొడిచిన
రెండు కన్నాల దగ్గర.
గుగ్గిలం పెట్టి మూసిన చోటు
ఇంకా ఆరలేదు.