ఎనిమిదో రీలు

సినిమా డబ్బాలు ఎనిమిది రావాలె.
ప్యాసింజర్ బండి ఏడింటినే దింపింది
మందమర్రి స్టేషన్ల.
ఎనిమిదోది కాజీపేటల నిద్రపోయిందో
బల్లార్షా దాక పొయ్యిందో
నర్మద టాకీస్ మేనేజరుకు సుత తెల్వది.

భాష మనది కాదు, ఏ దేశందో.
గేటుకాడి రాజమొగిలే మాకు తెలుగు.
బాయిల పోయిన రెండు వేళ్లు పోంగ
మిగిలిన చేత్తోని తెర చూపెట్టుకుంట
స్టూలెక్కి చెప్పేటోడు.
"వీడు సమురాయ్" అంటే
బెంచీలోళ్లకు సమ్మెరాయుడని ఇనవడ్డది.
సమ్మె మాకెరికే, రాయుడూ ఎరికే,
గట్లనే ఖాయమైంది.

సమ్మెరాయునికి రెండు కత్తులు, ఒక్క పూట తిండి.
కాయితం గొడుగు మీద నిధి జాడ గీసుంటది,
వాన పడ్డకొద్దీ కరుగుతుంటది.
ఎనుక ఓడ దొంగలు.
వాళ్ల ఒంటికన్ను నాయకుడు
మా షిఫ్టు సర్దార్ లెక్కనే దగ్గుతడు.

"సముద్రమంటే ఎంతుంటది మొగిలన్నా?"
ఆయన సుత చూడలే.
జరంత ఆగి అన్నడు:
"వానకాలం గోదారి తీసుకో.
అవతలి ఒడ్డు తీసెయ్యి."
తీసేసినం.
భయమైంది.

ఏడో రీలు ఆఖర్ల గడ్డపార దేనికో తాకి
ఖంగుమన్నది. తెర తెల్లబడ్డది.
దీపం ఆర్పనియ్యకుంట రాజమొగిలి
ఆ తెలుపుల నిలవడ్డడు.
మొదటిరోజు నిధి
సమ్మెరాయుని ఇంటి గడప కిందనే దొరికింది.
రెండోరోజు దొంగలే ఏడ్చుకుంట పంచిపెట్టిండ్రు.
ఈలలే ఈలలు.
తెల్లారి నేను, దుర్గం లచ్చులు
బంకర్ ఎనుక బూడిదకుప్ప తవ్వితే
తుప్పువట్టిన టోపీలైటు దొరికింది.
వెలుగలే. అయినా దాసుకున్నం.

మూడోరోజు ఓటీ చేసినోళ్లు
చెవుల్ల బొగ్గు కడుక్కోకుంటనే వచ్చిండ్రు,
మా నాయిన సుత.
రాజమొగిలి గాలిల పెట్టె మూత లేపిండు.
కాసులు, కంకణాలు, కోడిగుడ్డంత కెంపులు
ఒక్కొక్కటే తీస్తున్నడు.
నేల టికెట్ల నుంచి ఒక గొంతు,
జోరుగ కాదు, పక్కోణ్ని బీడీ అడిగినట్టు:
"తవ్వినోనికి ఎంతిచ్చిండ్రు?"

తుఫానుకు తెలుగు చెప్పినోడు,
కత్తి మీది నెత్తురుకు చెప్పినోడు
దానికి చెప్పలే.
లేని వేళ్ల జాగను
ఉన్న వేళ్లతోని పిసుక్కుంట నిలవడ్డడు.
ఆ గొంతు ఎవలిదో నాకెరికే.
ఇంటికాడ ఎన్నడూ అడగలే.

నాలుగోరోజు డబ్బా వచ్చింది.
పైసలు లేక గేటు సందుల నుంచి చూసిన.
తెరంత పచ్చగ మెరుస్తున్నది,
సమ్మెరాయుడు నవ్వుతున్నడు,
జనం చిల్లర ఇసురుతున్నరు.
పెట్టె పక్కన మట్టికుప్ప,
కుప్పల గుచ్చిన పార.
పార మీద ఒక చెయ్యి, మోచేతి దాక.
ఆ పైన తెర అయిపోయింది.